గైడ్ మూసేశాక

సాయంత్రం ఆరున్నర. వరంగల్‌లో దేశాయిపేట, ఒక సందు చివరి ఇల్లు. గేటు తీయగానే ఎడమ పక్కన మెట్లు. పైన ఒకటే గది, మేడం ట్యూషన్ చెప్పే గది. చెప్పులు గడప బయట విడిచి లోపలికి రండి. గోడవారగా నవారు మంచం ఉంది, దాని మీద కూర్చోండి. మీరు మాట్లాడాల్సిందేమీ లేదు. ఎవరో ఒకరు వచ్చి ఇలా కూర్చుని పోవడం ఈ ఇంట్లో కొత్త కాదు.

గది మధ్యలో బల్ల, రెండే రెండు కుర్చీలు. అవి ఎదురెదురుగానూ లేవు, పక్కపక్కనా లేవు. బల్ల మూలకి అటొకటి, ఇటొకటి. ఎదురుగా కూర్చుంటే పిల్లకి ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటుందని, పక్కన కూర్చుంటే నోట్‌బుక్ తప్ప మొహం కనబడదని మేడం అంటారు. ఇలా మూలన కూర్చుంటే రాసే చెయ్యీ కనబడుతుంది, రాయబోయే ముందు కదిలే పెదాలూ కనబడతాయి. మూడో కుర్చీ తేవడానికి ఆమె ఒప్పుకోరు. ఇద్దరు పిల్లలుంటే ఒకరు చెబుతారు, ఇంకొకరు తలూపుతారు. తలూపే పిల్లలను ఆమె బడిలో చాలామందినే చూశారు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క ట్యూషన్ కూడా చెప్పలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. ఆ నిబంధన సరైనదేనని ఆమె ఇప్పటికీ గట్టిగా వాదిస్తారు.

గోడకి క్యాలెండర్. ఇది 2025 ఫిబ్రవరి రెండో వారం. మేడం ఫిబ్రవరి పేజీ పైకెత్తి, మార్చి కనబడేలా క్లిప్ పెట్టారు. 24వ తేదీ చుట్టూ ఎర్ర ఇంకుతో గీసిన గుండ్రం కనబడుతోందా? సోమవారం, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష.

మెట్ల మీద అడుగులు. అమ్మాయి వచ్చింది. యూనిఫాం మీదే ఉంది. మామూలు పీరియడ్లు అయ్యాక టెన్త్ పిల్లలకు ప్రత్యేక తరగతి, అందులో పెట్టిన ఉడికించిన శనగలు తినేసి, నేరుగా ఇటే వచ్చింది. జడ రిబ్బను ఒకటి ఊడి భుజం మీద వేలాడుతోంది. సంచీలోంచి ముందు బయటికి వచ్చింది పాఠ్యపుస్తకం కాదు, గైడు. అట్ట చివర్లు నలిగాయి, పేజీల పక్కన నీలం ఇంకు చుక్కలు. ఒక చుక్క అంటే ఇంపార్టెంట్, రెండు చుక్కలంటే తప్పకుండా వచ్చేది. ఆ చుక్కలు బడిలో ఒక సీనియర్ అక్క పెట్టిచ్చినవట.

"అది కింద పెట్టు బిడ్డా," అంటారు మేడం. తర్వాత ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. "వాట్ హ్యాపెన్డ్ ఇన్ స్కూల్ టుడే?"

అమ్మాయి ఫ్యాను వైపు చూస్తుంది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. కింద సందులో ఎవరో స్కూటర్ కిక్ కొడుతున్నారు, అది స్టార్ట్ కావడం లేదు. మీకు కూడా ఏదో అందించేయాలనిపిస్తుంది. ఒక్క మాట ఇస్తే పిల్ల అందుకుని మిగతాది చెబుతుంది కదా అనిపిస్తుంది. ఆగండి. మేడం కూడా ఆగుతున్నారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చిరునవ్వుతో, తొందరేమీ లేనట్టు చూస్తున్నారు. ట్యూషన్లో అన్నిటికంటే కష్టమైన పని ఇదేనని నా నమ్మకం. ఫీజు తీసుకున్న మనిషికి మాట్లాడకుండా కూర్చోవడం చేతకాదు. గంట నిండా తనే మాట్లాడితే డబ్బులకు న్యాయం చేసినట్టు ఉంటుంది. మాట్లాడటం రావాల్సింది మాత్రం పిల్లకి.

"టుడే... మేథ్స్ సార్... నాట్ కమ్."

"ఓ, ది మేథ్స్ సార్ డిడ్‌న్ట్ కమ్? వై?"

"హిజ్... డాటర్ మ్యారేజ్."

"హిజ్ డాటర్స్ మ్యారేజ్! సో, హూ టాట్ యు?"

"నోబడీ టీచ్... నోబడీ టాట్ అజ్. వి డిడ్ బిట్స్."

చూశారా, 'టీచ్' దగ్గర తనే ఆగి తనే దిద్దుకుంది. మేడం ఒక్కసారి కూడా తప్పు అనలేదు. పిల్ల చెప్పిన మాటనే సరైన రూపంలో తిరిగి అడిగారు, అంతే. అలా అడిగినప్పుడు పిల్ల చెవి దాన్ని పట్టుకుంది. వేలు చూపించి తప్పు అని ఉంటే, ఆ తర్వాతి వాక్యం గొంతు దాటేది కాదు.

బడిలో ఇది ఎందుకు జరగదు అని అక్కడి టీచర్ని నిందించకండి. నలభై అయిదు నిమిషాల పీరియడ్, తరగతిలో నలభై అయిదు మంది అనుకుందాం. తలా ఒక నిమిషం వస్తుంది. అదీ హాజరు వేయకుండా, బోర్డు మీద ఒక్క ముక్క రాయకుండా ఉంటేనే. అందుకే తరగతిలో ఇంగ్లిష్ అంటే బృందగానం. "అర్థమైందా?" "అయింది టీచర్!" ఆ అరుపులో ఈ అమ్మాయి గొంతు కూడా ఉంటుంది. ఏం అర్థమైందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు, అడిగితే చెప్పే ధైర్యం పిల్లకీ ఉండదు. ఇంకో సంగతి. ఏడో తరగతి దాకా ఈమె చదివింది తెలుగు మీడియం. 2022-23లో రాష్ట్ర ప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు ఈమె ఎనిమిదిలో ఉంది. భౌతికశాస్త్రం, చరిత్ర, జీవశాస్త్రం అన్నీ ఒక్క వేసవి సెలవుల్లో భాష మార్చుకున్నాయి. అప్పటి నుంచి అర్థం కానిదాన్ని అచ్చంగా అలాగే గుర్తుపెట్టుకోవడం ఆమెకు అలవాటైంది. చురుకైన పిల్లలే ఈ పద్ధతిలో బాగా పడతారు, ఎందుకంటే వాళ్లకి గుర్తుంటుంది.

ఇప్పుడు పది నిమిషాలు తప్పుల దిద్దుబాటు. పరీక్షలో ఒక పేరా ఇస్తారు, అంకెలు వేసిన వాక్యాల్లో ఒక్కో తప్పు ఉంటుంది, దాన్ని సరిచేసి రాయాలి. మేడం తనే రాసిన పేరా ముందు పెడతారు. పెన్సిల్ మాత్రమే. మొదటి వాక్యం అమ్మాయి మనసులో చదువుకుంటుంటే, "పైకి చదువు" అంటారు.

"షి ఆల్వేస్ గో టు మార్కెట్..." ఆగింది. "గోస్."

"ఎట్ల తెలిసింది?"

"విన్నప్పుడు మంచిగ అనిపియ్యలే మేడం."

ఆ జవాబుకి మేడం మొహం ఎంత వెలిగిందో చూడండి. థర్డ్ పర్సన్ సింగ్యులర్ సూత్రం ఈ అమ్మాయికి కంఠతా వచ్చు, నిద్రలో లేపినా చెబుతుంది. పరీక్ష హాల్లో సూత్రం గుర్తుకు రావాలి, అది ఈ వాక్యానికి వర్తిస్తుందని తట్టాలి, ఆ తర్వాత కదా దిద్దడం. చెవికి ఆ గొడవ లేదు. చెవి అలవాటు పడాలంటే పైకి చదవాలి, పైకి చదవాలంటే పక్కన నవ్వే పిల్లలు ఉండకూడదు. ఈ ఒక్క కారణానికైనా ఒంటరి ట్యూషన్‌కి విలువ ఉంది.

తర్వాతి వాక్యం: "వన్ ఆఫ్ హర్ ఫ్రెండ్ కేమ్ టు ది హౌస్." అమ్మాయి రెండుసార్లు చదివింది. చెవి పట్టుకోలేదు. 'కేమ్' కింద గీత గీసింది, మళ్లీ చెరిపింది.

"తెలుగుల చెప్పు."

"ఆమె స్నేహితురాళ్లల్ల ఒకామె ఇంటికొచ్చింది."

"స్నేహితురాలులో ఒకామె అనలేదేం?"

"అట్లెట్లంటం మేడం? ఒక్కతే ఉంటే అండ్ల ఒకామె ఎట్లుంటది?" అని తనే నవ్వింది. నవ్వుతూనే పెన్సిల్‌తో 'ఫ్రెండ్' చివర ఎస్ చేర్చింది.

ఇంగ్లిష్ చెప్పేటప్పుడు తెలుగు ముక్క నోట్లోంచి రాకూడదని పట్టుబట్టే ట్యూషన్లు నాకు తెలుసు. గోడల మీద ఆ నియమం రాసి కూడా పెడతారు. ఆ పట్టుదలలో మంచి ఉద్దేశమే ఉండొచ్చు, కానీ పదిహేనేళ్ల పిల్లకి పదిహేనేళ్లుగా తెలిసిన భాషను గుమ్మం బయట విడిచి రమ్మంటే, ఆలోచనను కూడా అక్కడే విడిచి వస్తుంది. మేడం ఇంగ్లిష్‌లో అడుగుతారు, ఇంగ్లిష్‌లో వినిపిస్తారు. పిల్ల చిక్కుకున్న చోట మాత్రం తెలుగు దారి చూపించి మళ్లీ ఇటు తీసుకొస్తారు. తెలుగు దారి పనిచేయని చోటు ఏదో కూడా ఆమెకు తెలుసు. రిపోర్టెడ్ స్పీచ్ అలాంటిది. మనం "రేపు వస్తానని చెప్పింది" అంటాం, వస్తాను అన్న మాట వస్తాను లాగే ఉండిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం లోపలి క్రియ కూడా కాలం మార్చుకోవాలి, రేపు కాస్తా మర్నాడు కావాలి. అక్కడ తెలుగుతో పోల్చరు. పిల్ల చేత ఒకే వాక్యం రకరకాల మనుషుల నోట చెప్పిస్తారు. ఈరోజు దాని జోలికి పోలేదు.

ఏడు దాటింది. కింది నుంచి పోపు వాసన వస్తోంది. "ఇప్పుడు 'వాట్ ఈజ్ మై నేమ్?' పాఠం," అంటారు మేడం.

అమ్మాయి వెన్ను నిటారుగా పెట్టింది. ఇది వచ్చు తనకి. గైడులో రెండు చుక్కలున్న ప్రశ్న. శారద పాత్ర గురించి రాయమంటే ఏం రాయాలో గడగడా మొదలుపెట్టింది. రైలెక్కినట్టే, ఆపకపోతే చివరి స్టేషన్ దాకా వెళ్లిపోతుంది. పొడవాటి మాటలు దొర్లుతున్నాయి: ఐడెంటిటీ, పేట్రియార్కల్, సెల్ఫ్ రియలైజేషన్. మూడో వాక్యం మధ్యలో మేడం చెయ్యెత్తారు.

"హౌ మెనీ పీపుల్ డస్ షి ఆస్క్?"

అమ్మాయి గుటక వేసింది. మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంది. మధ్యలోంచి అందుకోవడం రాదు.

"ఎవరినెవరిని అడిగిందో చెప్పు. తెలుగులనే చెప్పు."

"...తెల్వదు మేడం. అది గైడుల లేదు."

ఇక్కడ కొంచెం ఆగి ఈ పాఠం గురించి చెప్పాలి. తెలంగాణ పదో తరగతి ఇంగ్లిష్ వాచకం 2014లో వచ్చింది. తిరగేస్తే అందులో ఎంత మంచి సాహిత్యం ఉందో చూసి ఆశ్చర్యపోతారు. వామన్ హోవల్ మరాఠీ కథ ఉంది, అరుణాచల్ రచయిత యేషే దోర్జీ థోంగ్చీ కథ ఉంది, నైజీరియా కవి గాబ్రియేల్ ఒకారా కవిత ఉంది, సత్యజిత్ రాయ్ గురించీ మన 'మాయాబజార్' సినిమా గురించీ పాఠాలున్నాయి. మానవ హక్కుల యూనిట్లో ఉన్న ఈ కథ పి. సత్యవతి గారిది. తెలుగులో 'ఇల్లలకగానే'. సత్యవతి గారు విజయవాడలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన అధ్యాపకురాలు. అంటే ఒక తెలుగు ఇంగ్లిష్ లెక్చరర్ తెలుగులో రాసిన కథ, తెలుగు పిల్ల ముందుకి ఇంగ్లిష్‌లో వచ్చింది. ఆ పిల్ల దాన్ని తనది కాని పాఠంగా, గైడులోంచి, అర్థం లేని శబ్దాలుగా నేర్చుకుంటోంది. నాకు దీని మీద కోపం వస్తుంది. కథలు ఎంచిన వాళ్ల మీద కాదు, పిల్ల మీద అసలే కాదు. కథకీ పిల్లకీ మధ్య దూరిన ఆ చుక్కల పుస్తకం మీద.

మేడం లేచి బీరువాలోంచి కొన్ని జిరాక్స్ కాగితాలు తీశారు. పిన్ను తుప్పు పట్టింది. తెలుగు కథ. "చదువు. పైకే చదువు."

అమ్మాయి అనుమానంగా చూసింది. "మేడం, ఇది ఎగ్జామ్ల వస్తదా?"

"వస్తది. ఎట్ల వస్తదో తర్వాత చెప్త."

చదవడం మొదలుపెట్టింది. గొంతు మారింది, విన్నారా? ఇంగ్లిష్ చదివేటప్పుడు ప్రతి మాట తర్వాతా ఒక చిన్న ఆగుడు ఉండేది. ఇప్పుడు వాక్యం వాక్యంలా వస్తోంది. చదువూ తెలివీ చమత్కారమూ అన్నీ ఉన్న అమ్మాయి పెళ్లి చేసుకుంది. భర్త ఇల్లు చూపించాడు. ఆమె ఇల్లు అలికి ముగ్గులు పెట్టింది. ఆయన మెచ్చుకున్నాడు. ఇక అలకడమే బతుకైపోయింది. ఒకరోజు అలుకుతూ అలుకుతూ నా పేరేమిటి అని ఆగిపోయింది. పేరు గుర్తు రాదు. పనిమనిషిని అడిగింది, పిల్లలను అడిగింది, పక్కింటావిడను అడిగింది, భర్తను అడిగింది. ఒక్కొక్కరూ ఒక్కో వరస చెప్పారు, పేరు ఎవరూ చెప్పలేదు. పనిమనిషి జవాబు దగ్గర అమ్మాయి కిసుక్కుమంది. పిల్లల జవాబు దగ్గరకు వచ్చేసరికి చదవడం ఆపింది.

"మా అమ్మను కూడ పేరు పెట్టి ఎవ్వలు పిలువరు మేడం. మా తమ్ముని పేరు జెప్పి, వాళ్లమ్మా అంటరు. మా బాపు ఏమో 'ఓయ్' అంటడు."

"నువ్వు?"

"అమ్మా అంట." కొంచెం ఆగింది. "రేషన్ కార్డుల ఉంటది పేరు. బ్యాంకుల సంతకం పెట్టేటప్పుడు చెప్తది."

మేడం ఏ వ్యాఖ్యా చేయలేదు. "పూర్తిగ చదువు" అన్నారు. అమ్మాయి చివరిదాకా చదివింది. పుట్టింటికి సర్టిఫికెట్ల కోసం వెళ్లడం, పాత స్నేహితురాలు ప్రమీల కనబడి 'శారదా' అని పిలవడం, పదో తరగతిలో ఫస్టొచ్చిన సంగతి, పాటలు, బొమ్మలు. ఇప్పుడు ఇంగ్లిష్ పుస్తకం తెరిచి అదే చోటు చదవమన్నారు. ఇందాకటి పేరా కంటే వేగంగా చదివింది. తెలియని మాటలు వచ్చాయి, అయినా ఆగలేదు. కథ తెలిసిపోయింది గనక మాటలు వాటంతట అవే దారికి వస్తున్నాయి.

"ఇప్పుడు డైరీ," అన్నారు మేడం. "ప్రమీల కలిసిన రోజు రాత్రి శారద డైరీ రాస్తున్నది. పది నిమిషాలు. గైడు ముట్టొద్దు."

ఎగ్జామ్‌లో ఎలా వస్తుందన్న ప్రశ్నకి జవాబు ఇదే. పాఠం కింద ఉన్న ప్రశ్నలకు బట్టీ పట్టిన జవాబులు రాసే కాలం 2015 పరీక్షలతోనే పోయింది. ఇప్పుడు పాఠంలోంచి ఒక సందర్భం తీసి సంభాషణ రాయమంటారు, ఉత్తరం రాయమంటారు, డైరీ రాయమంటారు, వార్త రాయమంటారు, కొన్ని వివరాలిచ్చి ఒక మనిషి జీవితచిత్రణ చేయమంటారు. టీచర్లు వీటిని డిస్కోర్సులంటారు. పిల్ల తనంతట తానే ఆలోచించి తన వాక్యం రాయాలన్నది ఈ మార్పు ఉద్దేశం. చాలా మంచి ఉద్దేశం. దానికి గైడులు చేసిందేమిటంటే, ఏ డైరీకైనా సరిపోయే ఒక డైరీ తయారుచేశాయి. 'ఈరోజు నా జీవితంలో మరుపురాని రోజు' అని మొదలవుతుంది, 'నిద్ర వస్తోంది, గుడ్‌నైట్ డైరీ' అని ముగుస్తుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న రోజుల్లో మేడం ఆ మరుపురాని రోజును జవాబు పత్రం తర్వాత జవాబు పత్రంలో చూశారు. తల్లి పోయిన పిల్ల డైరీ కూడా అలాగే మొదలయ్యేదట, బహుమతి వచ్చిన పిల్లాడి డైరీ కూడా అలాగే.

అమ్మాయి రాస్తోంది. ఒకసారి గైడు వైపు చూసింది, చెయ్యి పోలేదు. పెన్ను మూత కొరికింది. ఒక వాక్యం రాసి కొట్టేసింది. మేడం ఆమె నోట్‌బుక్‌లోకి చూడకుండా క్యాలెండర్ వైపు చూస్తున్నారు. రాస్తున్నప్పుడు పైనుంచి ఎవరైనా చూస్తుంటే ఒక్క అక్షరం కదలదని ఆమెకు తెలుసు.

పది నిమిషాలు పద్దెనిమిదయ్యాయి. మేడం ఏమీ అనలేదు.

"చదువు."

"టుడే ఐ హియర్ మై నేమ్ ఆఫ్టర్ మెనీ ఇయర్స్. ప్రమీల షౌటెడ్ శారదా ఆన్ ది రోడ్. ఐ డిడ్ నాట్ నో షి ఈజ్ కాలింగ్ మి. ఐ గాట్ ఫస్ట్ ఇన్ టెన్త్ క్లాస్. నౌ ఐ నో ఓన్లీ ఫ్లోర్. మై హజ్బెండ్ ఈజ్ సేయింగ్ టేక్ న్యూ నేమ్. ఐ డోంట్ వాంట్ న్యూ నేమ్. ఐ వాంట్ మై నేమ్."

అయిదో వాక్యం దగ్గర మేడం చెయ్యి బల్ల మీద తట్టింది. "ఇది మళ్లీ చదువు."

"నౌ ఐ నో ఓన్లీ ఫ్లోర్."

"గైడ్ల ఉన్నదా ఇది?"

"లేదు మేడం." కంగారు పడింది. "తప్పా?"

"మా బిడ్డా, ఇన్నేండ్లల్ల నాకు ఎవ్వరు రాసియ్యలేదు ఇట్ల."

ఎర్ర పెన్ను కాదు, పెన్సిలే తీసుకున్నారు. 'హియర్' పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఈ డైరీ ఎప్పుడు రాస్తున్నది, పిలుపు ఎప్పుడు వినబడ్డది అని అడిగారు. అమ్మాయి 'హర్డ్' చేసింది. ఆ వేడిలోనే మూడో వాక్యంలో 'ఈజ్'ను 'వాజ్'గా తనే మార్చింది. 'ఫ్లోర్' ముందు 'ది' చేర్పించారు. 'న్యూ నేమ్' ముందు రెండు చోట్లా 'ఎ' చేర్పించారు. 'ఈజ్ సేయింగ్'ని 'సేస్' చేయించారు. అంతే. గొప్ప మాట ఒక్కటీ ఇరికించలేదు. ఆఖరి రెండు వాక్యాలూ కలిపి ఒకటి చేస్తే వ్యాకరణం తెలిసినట్టు కనబడుతుంది కదా అని మీకు అనిపించొచ్చు. మేడంకీ తట్టకపోదు. విడివిడిగా ఉంటేనే శారద గొంతు వినబడుతుంది గనక వదిలేశారు. ఎక్కడ దిద్దాలో చాలామందికి తెలుసు. ఎక్కడ దిద్దకూడదో తెలిసిన టీచర్ దొరికితే ఆ పిల్లకు సగం ఇంగ్లిష్ వచ్చినట్టే.

ఇంక పావుగంట ఉంది. ఇది పూర్తిగా లెక్కల పావుగంట. పేపరు 80 మార్కులకి, మిగతా 20 బడిలో వేసే ఇంటర్నల్స్. 80లో 28 వస్తే పాసు. మూడు గంటల్లో చదివే భాగానికి ఎంత, రాసే భాగానికి ఎంత, చివరి బిట్లకి ఎంత అని నోట్‌బుక్ వెనక పేజీలో రాయించారు. ఈ ఏడాది నుంచి 24 పేజీల జవాబు పుస్తకం ఇస్తారు గనక మొదట్లో పెద్ద అక్షరాలతో పేజీలు నింపేయొద్దని చెప్పారు. ప్యాసేజ్ చదివాక ప్రశ్నలు చూడటం కాదు, ముందు ప్రశ్నలు చూసి అప్పుడు ప్యాసేజ్‌లోకి వెళ్లాలి. ఇవన్నీ బడిలోనూ చెప్పారట, అమ్మాయి వరుసగా అప్పజెప్పింది. ఇలాంటి కిటుకులకైతే ఒంటరి ట్యూషన్ అక్కర్లేదు. ఎక్కడైనా దొరుకుతాయి.

ఘాటు వాసన వస్తోందా? మీకు తుమ్ము వస్తే ఆపుకోకండి. అమ్మాయి తండ్రి వచ్చాడు. ఎనుమాముల మార్కెట్లో హమాలీ. ఇది మిర్చి సీజను, చొక్కా నిండా, జుట్టు నిండా అదే. అందుకే లోపలికి రాడు, గడప బయటే నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటాడు. ఇక్కడి ఫీజు కూడా ఈ సీజన్లోనే ఇస్తాడు, మిగతా నెలల్లో మేడం అడగరు. ఈ సందులోనే ఇంకో నాలుగిళ్లలో టెన్త్ పిల్లలున్నారు. వాళ్లు ఈ మెట్లు ఎక్కలేదు, ఎక్కే వీలు లేదు. గంటన్నర సేపు ఒక పిల్ల మాట వినే మనిషి దొరకడం డబ్బుతోనో, ఇలాంటి ఒకరి దయతోనో జరగాల్సిన పని కాదు. అది బడిలోనే, ఉచితంగా, చిన్న తరగతుల్లో అందాలి. అందనంత కాలం ఈ గది ఉండాల్సిందే, కానీ ఈ గది చాలదని మేడమే అందరికంటే ముందు ఒప్పుకుంటారు.

"ఎట్ల సదువుతున్నది మేడం? పాసైతదా?"

"పాస్ సంగతి ఇడిసిపెట్టు అన్నా. లోపలికి రా, నీ బిడ్డ రాసింది విను."

"వద్దు మేడం, ఘాటు."

అమ్మాయే గడప దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుపోయింది. ఇంగ్లిష్‌లో చదివి, వాక్యం తర్వాత వాక్యం తెలుగులో చెప్పింది. తండ్రి తల పక్కకి వంచి విన్నాడు. అయ్యాక, "ఎవల గురించి ఇది?" అన్నాడు.

"పాఠంల శారద గురించి బాపు."

"నేల తప్ప ఏం తెల్వదని ఆమెనే రాసుకున్నదా?"

"నేనే రాసిన."

ఆయన ఇంకేమీ అనలేదు. మేడం వెనక నుంచి హోంవర్క్ చెప్పారు. "రేపు గైడు తేకు. రేపు బయోగ్రఫికల్ స్కెచ్. పరీక్షల అయితే వివరాలు వాళ్లే ఇస్తరు: పుట్టిన ఊరు, చదువు, సాధించింది, ఇష్టమైనయి. రేపటికి మాత్రం నువ్వే అడిగి తేవాలె. మీ అమ్మ గురించి రాయాలె."

"అమ్మ గురించా? ఏముంటది మేడం రాయడానికి?"

"ఏడో తరగతి దాంక సదివింది," అన్నాడు తండ్రి గడప బయటి నుంచే. "కబడ్డీ మస్తు ఆడేది. మండలం దాంక పోయిండ్రట."

అమ్మాయి గిర్రున తిరిగింది. "అమ్మా? కబడ్డీయా? నాకెందుకు చెప్పలే?"

అప్పుడే అక్కడే, నోట్‌బుక్ తలుపుకి ఆనించి, నిలబడే రాసుకోబోయింది. "షి ప్లేడ్ కబడ్డీ..."

"ఆగు," అన్నారు మేడం. "బాపు చెప్పింది రాయొద్దు. అమ్మనే అడుగు. ఏ ప్లేసుల ఆడేది, ఎందుకు బంద్ చేసింది, అన్నీ అడిగి రా. పేరు మాత్రం మొదటి వాక్యంలనే రాయాలె."